మూడు పేజీల్లో పడుకున్న మందు



1929లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్తల సంఘం పత్రికలో ఒక చిన్న వ్యాసం అచ్చయింది. మొత్తం మూడే పేజీలు. రాసినాయన పేరు సాయెం ద బుర్నాగా సాంచెజ్. ఆ రోజుల్లో ఎఫెడ్రిన్ అనే మందుకు మంచి గిరాకీ ఉండేది. చైనాలో మాహువాంగ్ అని పిలిచే మొక్క నుంచి జపాన్ శాస్త్రవేత్త నగాయి నగయోషి 1885లో దాన్ని విడదీశాడు. 1920ల్లో అది ఉబ్బసానికి పనిచేస్తుందని తేలడంతో ప్రపంచమంతా దానివైపు చూసింది. అలాంటి అణువులు ఇంకేమైనా చేయవచ్చా అని చాలామంది ప్రయత్నించారు. సాంచెజ్ కూడా అదే వరసలో ఒకటి తయారుచేసి, దాని లక్షణాలు రాసి, పత్రికకు పంపాడు. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ సంచిక గ్రంథాలయాల బీరువాల్లోకి వెళ్లిపోయింది.

ఆ మూడు పేజీల్లోని పదార్థాన్ని ఇవాళ మెఫెడ్రోన్ అంటున్నారు. ముంబయి వీధుల్లో ‘ఎం.డి.’ అంటారు, ‘మియావ్ మియావ్’ అంటారు. హైదరాబాద్ పోలీసుల ప్రెస్‌మీట్లలో బల్ల మీద పరిచిన ప్లాస్టిక్ సంచుల్లో తెల్లగా కనబడే పొడి చాలాసార్లు అదే. దీన్ని ‘కొత్తరకం డ్రగ్’ అని పేపర్లలో రాస్తుంటే నాకు ఎప్పుడూ ఇబ్బందిగా ఉంటుంది. నా కంటే వయసులో చాలా పెద్దది అది. 74 ఏళ్లపాటు కాగితం మీద పడుకుంది. దాన్ని లేపిందెవరు, ఎందుకు లేపారు, లేచాక అది మన ఊరి దాకా ఎలా వచ్చింది అన్నది ఈ పూట మీతో చెప్పాలనుకుంటున్నాను. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి. నా దగ్గర చదువుకున్న పిల్లలు చాలామంది జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు, చర్లపల్లి మందుల కంపెనీల్లో పనిచేస్తున్నారు. కాబట్టి ఇది నాకు పేపర్లో చదివి పక్కన పెట్టే విషయం కాదు.

క్లాసులో అయితే బోర్డు మీద గీసి చూపించేవాణ్ణి. రేడియోలో ఆ వీలు లేదు. మీరే మనసులో గీసుకోండి. ఆరుగురు పిల్లలు చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డారు. అది బెంజీన్ వలయం, ఆరు కార్బన్లు. వారిలో ఒకరి భుజం మీద చెయ్యి వేసి ఇంకొకరు, ఆయన వెనక మరొకరు, ఆ వెనక నైట్రోజన్. ఇది చిన్న తోక. ఈ వలయమూ తోకా కలిసిన అచ్చులోనే మన ఒంట్లో తయారయ్యే డోపమైన్, ఎడ్రినలిన్ ఉన్నాయి. ఆ తోకలో ఒక చిన్న కొమ్మ వేస్తే ఏంఫెటమైన్. లజార్ ఎడెలియాను అనే రొమేనియా శాస్త్రవేత్త 1887లో బెర్లిన్‌లో చేశాడు దాన్ని. ఇప్పుడు ఆ తోకలో వలయానికి ఆనుకుని ఉన్న కార్బన్ మీద ఒక ఆక్సిజన్‌ను రెండు బంధాలతో తగిలించండి. అది కాథినోన్ అవుతుంది. నైట్రోజన్ మీద ఒక మిథైల్ గుంపు చేర్చితే మెథ్‌కాథినోన్. ఇంకో మిథైల్ గుంపును వలయంలో, తోకకు సరిగ్గా ఎదురుగా నిలబడ్డ పిల్లవాడి చేతిలో పెట్టండి. మెఫెడ్రోన్ వచ్చేసింది. పదకొండు కార్బన్లు, పదిహేను హైడ్రోజన్లు, ఒక నైట్రోజన్, ఒక ఆక్సిజన్. అంతే.

ఇక్కడొక మాట. ఆ చివరి మిథైల్ గుంపు ఎదురుగా ఉన్నవాడి చేతిలో కాకుండా పక్కవాడి చేతిలో ఉంటే అది వేరే పదార్థం. బరువు ఒకటే, లెక్క ఒకటే, మనిషి మీద చేసే పని మాత్రం అచ్చం ఒకటి కాదు. అణువు బరువు ఒక్కటే చూసే యంత్రం ఈ అన్నదమ్ములను విడిగా గుర్తుపట్టలేదు. ఫోరెన్సిక్ ప్రయోగశాలల్లో పనిచేసేవాళ్లకు ఇదొక తలనొప్పి. ఈ చిన్న తేడాను అడ్డం పెట్టుకునే ఒక వ్యాపారం నడిచింది. దాని సంగతికి కాసేపట్లో వస్తాను.

కాథినోన్ అన్నాను కదా, అది మనుషులు చేసింది కాదు, చెట్టు చేసింది. ఇథియోపియా, సోమాలియా, యెమెన్ దేశాల్లో ఖాత్ అనే చెట్టు పెరుగుతుంది. దాని లేత ఆకులను జనం మధ్యాహ్నం భోజనాలయ్యాక గుంపులుగా కూర్చుని బుగ్గన పెట్టుకుని నములుతారు. మన పెద్దవాళ్లు తాంబూలం వేసుకుని కబుర్లలో పడ్డట్టే ఉంటుంది చూడ్డానికి. డెన్మార్క్ రాజు పంపిన బృందంతో అరేబియా వెళ్లిన పేతర్ ఫోర్స్కోల్ అనే వృక్షశాస్త్రవేత్త ఈ చెట్టుకు శాస్త్రీయ వర్ణన రాశాడు. 1763లో యెమెన్‌లోనే మలేరియాతో చనిపోయాడు. ఆయన రాతలను తోటి ప్రయాణికుడు కార్స్టెన్ నీబూర్ 1775లో అచ్చు వేయించాడు.

ఖాత్ ఆకును తెల్లారగట్ల కోసి, అరటాకుల్లో చుట్టి, ఆ రోజే సంతకు చేరుస్తారు. ఎండితే దానికి విలువ లేదు. ఎందుకో చాలాకాలం శాస్త్రవేత్తలకు అంతుపట్టలేదు, ఎందుకంటే వాళ్ల దగ్గరకు చేరేది ఎండిన ఆకే. 1975లో ఐక్యరాజ్య సమితి మత్తుమందుల ప్రయోగశాలలో పచ్చి ఆకును పరీక్షించినప్పుడు కాథినోన్ దొరికింది. ఆకు వాడిపోతున్నకొద్దీ అది విరిగిపోయి చాలా బలహీనమైన పదార్థంగా మారిపోతుంది. అంటే ఆ చెట్టు తన మందుకు తానే ఒక పూట గడువు పెట్టుకుంది. ఎంత నమిలినా బుగ్గలో పట్టేది పిడికెడు ఆకు. ఆ గడువూ ఆ కొలతా ఖాత్‌లోని ప్రమాదాన్ని కొంతైనా అదుపులో ఉంచాయి. పొడిగా చేసిన మెఫెడ్రోన్‌కు అవి రెండూ లేవు. నెలల తరబడి నిలవ ఉంటుంది, కవరులో పెట్టి ఖండాలు దాటించవచ్చు, ఒక గంటలో ఎంతైనా వేసుకోవచ్చు.

అయితే ఈ అణువుల కుటుంబమంతా చెడ్డదని అనుకోకండి. ఇదే కాథినోన్ అచ్చులో నైట్రోజన్ మీద పెద్ద గుంపొకటి, వలయం మీద ఒక క్లోరిన్ చేరిస్తే బ్యుప్రోపియన్ వస్తుంది. మనోవ్యాకులతకు డాక్టర్లు రాసే మందు అది. సిగరెట్లు మానడానికి కూడా ఇస్తారు. మన దేశపు కంపెనీలు కూడా తయారుచేస్తాయి. ఒకే ఇంట్లో పుట్టిన పిల్లలు వేర్వేరు దారులు పట్టినట్టు ఉంటుంది ఈ వ్యవహారం. రసాయనశాస్త్రాన్ని దోషిగా నిలబెట్టేవాళ్లతో నేను అందుకే ఏకీభవించలేను.

సరే, 2003కు వద్దాం. ఒక రహస్య కెమిస్టు, పాత అణువులను తవ్వి తీసే అలవాటున్నవాడు, ఈ మెఫెడ్రోన్‌ను మళ్లీ తయారుచేసి, తన మీదే ప్రయోగించుకుని, ఆ సంగతి తనలాంటివాళ్లకు చెప్పాడు. అయినా వెంటనే ఏమీ జరగలేదు. అది బజారుకెక్కడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది. ఇజ్రాయెల్‌లో అంతకుముందు కాథినోన్‌ను ‘హగిగాత్’ అనే పేరుతో గొట్టం మాత్రల్లో నింపి కిళ్లీ కొట్లలాంటి చిన్న దుకాణాల్లో అమ్మేవారు. 2004లో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. నిషేధంలో ఉన్నది కాథినోన్ పేరు. అణువులో రెండు మిథైల్ గుంపులు చేర్చితే పేరు మారుతుంది. అలా అక్కడ మెఫెడ్రోన్ వచ్చింది. 2008కల్లా దాన్నీ నిషేధించారు. ఈలోగా అది ఐరోపా చేరింది.

ఐరోపాలో అప్పుడు పరిస్థితి దానికి బాగా కలిసొచ్చింది. 2008 జూన్‌లో కంబోడియాలోని పూర్సాత్ ప్రాంతంలో 33 టన్నుల సాఫ్రోల్ నూనెను అధికారులు తగలబెట్టారు. ఎక్స్‌టసీ అనే మత్తుమాత్రలకు ఆ నూనే మూలం. 2009 నాటికి ఐరోపా బజారులో ఎక్స్‌టసీ పేరుతో అమ్మే మాత్రల్లో చాలావాటిలో అసలు సరుకే లేకుండా పోయింది. బ్రిటన్‌లో కొకెయిన్ కూడా కల్తీమయం. శనివారం రాత్రి డాన్సు క్లబ్బులకు వెళ్లే కుర్రకారుకు డబ్బిచ్చినా సరుకు దొరకని స్థితి. సరిగ్గా ఆ ఖాళీలోకి మెఫెడ్రోన్ వచ్చి కూర్చుంది. గ్రాము పది పదిహేను పౌండ్లు. దొంగచాటు లేదు. ఆర్డరు పెడితే పోస్టుమాన్ ఇంటికి తెచ్చి ఇచ్చేవాడు. చట్టంలో దాని పేరే లేదు.

కవరు మీద ‘మొక్కల ఎరువు’ అని రాసేవారు. ‘మనుషులు తినడానికి కాదు’ అని కింద మరో ముక్క. ఇది వింటున్న రైతు సోదరులకు నేను చెప్పక్కర్లేదు, ఎరువంటే నత్రజని, భాస్వరం, పొటాష్. ఈ పొడి వేస్తే ఏ మొక్కా పెరగదు. తినే వస్తువుగా అమ్మితే ఆహార చట్టం, మందుగా అమ్మితే ఔషధ చట్టం పట్టుకుంటాయి. ఎరువంటే రెండింటి నుంచీ తప్పించుకోవచ్చు. పద్దెనిమిదేళ్ల పిల్లల ప్రాణాలతో ఆడుకుంటూ, కొన్నవాడి మీదికే బాధ్యత నెట్టేసే ఆ రెండు వాక్యాలను తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. అదే పద్ధతిని అమెరికాలో ఇంకో కాథినోన్‌కు వాడి ‘స్నానపు లవణాలు’ అని పేరు పెట్టారు.

ఎంతలా పాకిందంటే, మిక్స్‌మ్యాగ్ అనే డాన్సు సంగీత పత్రిక తన పాఠకులను అడిగి 2010లో ఫలితాలు వేసింది. జవాబిచ్చిన బ్రిటన్ పాఠకుల్లో దాదాపు 42 శాతం మెఫెడ్రోన్ రుచి చూశామన్నారు. వాళ్లు క్లబ్బులకు వెళ్లే జనం కాబట్టి దేశమంతా అలా ఉందని కాదు. అయినా అంతకు ఏడాదిన్నర ముందు పేరు కూడా ఎవరికీ తెలియని పదార్థం అది.

2008 డిసెంబరులో స్వీడన్‌లో ఒక పద్దెనిమిదేళ్ల అమ్మాయి దీనివల్ల చనిపోయింది. స్వీడన్, డెన్మార్క్ ప్రభుత్వాలు ఆ నెలలోనే కదిలాయి. బ్రిటన్‌లో సంగతి వేరుగా నడిచింది. 2010 మార్చిలో స్కన్‌తోర్ప్ అనే ఊళ్లో ఇద్దరు కుర్రాళ్లు ఒకే రోజున చనిపోయారు. మెఫెడ్రోనే చంపిందని పత్రికలన్నీ మొదటి పేజీలో రాశాయి. ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి. ప్రభుత్వానికి సలహా ఇచ్చే నిపుణుల సంఘం హడావిడిగా నివేదిక ఇచ్చింది. పార్లమెంటు రద్దయ్యే ముందు చివరి రోజుల్లో నిషేధ ఉత్తర్వు ఆమోదం పొందింది. ఏప్రిల్ 16 నుంచి నిషేధం. ఈ తొందర తగదని ఎరిక్ కార్లిన్ అనే సభ్యుడు ఆ సంఘానికి రాజీనామా చేశాడు.

మే నెలాఖరుకు పరీక్షల ఫలితాలు వచ్చాయి. ఆ ఇద్దరి ఒంట్లో మెఫెడ్రోన్ లేదు. వాళ్లు తీసుకున్నది మెథడోన్, హెరాయిన్ అలవాటున్నవాళ్లకు వైద్యంలో ఇచ్చే మందు. చెవికి పేర్లు రెండూ దగ్గరే కానీ పదార్థాలకు ఏ సంబంధమూ లేదు. ఒకటి గుండెను పరుగెత్తిస్తుంది, ఇంకొకటి ఊపిరిని నెమ్మదింపజేసి ఆపేస్తుంది. ఈ పొరపాటును నేను ఎందుకు గుర్తుచేస్తున్నానంటే, మెఫెడ్రోన్ మంచిదని చెప్పడానికి కాదు. దానివల్ల చనిపోయినవాళ్లు నిజంగానే ఉన్నారు. కానీ పిల్లలకు మనం తప్పు చెబితే, ఆ తప్పు బయటపడిన రోజున మనం చెప్పిన ఒప్పులు కూడా వాళ్లు నమ్మరు. నా ఉద్యోగ జీవితమంతా క్లాసులో చూసిన సంగతి ఇది.

నిషేధం వచ్చాక బ్రిటన్‌లో వాడకం తగ్గింది, పోలేదు. పోస్టుమాన్ తేవడం మానేశాడు, సందులో నిలబడే దళారి తేవడం మొదలుపెట్టాడు. ధర పెరిగింది. అమ్మకందార్లు మాత్రం వెంటనే నాఫైరోన్ అనే ఇంకో పదార్థంతో వచ్చారు. బ్రిటన్ అప్పటికే ఒక తెలివైన పని చేసింది. ఒక్కొక్క పేరు రాసుకుంటూ పోకుండా, కాథినోన్ అచ్చును వర్ణించి, దానిమీద ఫలానా చోట్ల ఏం తగిలించినా చట్టం కిందికి వస్తుందని రాసింది. అయినా నాఫైరోన్ ఆ వర్ణనకు అవతల పడింది. ఒక వలయం ఉండాల్సిన చోట రెండు వలయాలు అతికించారు, అంతే. జూలైలో దాన్నీ చేర్చారు. నెదర్లాండ్స్‌లో అయితే ఇందాక చెప్పిన పక్కవాడి చేతిలో మిథైల్ ఉన్న తమ్ముడు, 3-ఎం.ఎం.సి., 2021 దాకా చట్టబద్ధంగా అమ్ముడుపోయింది. ఐరోపా మత్తుమందుల పరిశీలన సంస్థ ఇప్పటివరకు నమోదు చేసుకున్న కాథినోన్లు 150 దాటాయి. వీటిలో చాలావాటిని మనిషి మీద ఎవరూ ముందుగా పరీక్షించలేదు. మొదటి పరీక్ష కొన్నవాడి ఒంట్లోనే జరుగుతుంది.

ఇంతకూ ఆ పొడి ఒంట్లో ఏం చేస్తుంది?

మెదడులో ఒక నాడీకణం ఇంకోదానికి కబురు చెప్పడానికి డోపమైన్, సెరొటోనిన్ లాంటి పదార్థాలను కొంచెంగా వదులుతుంది. కబురు అందగానే వాటిని లోపలికి తోడుకునే పంపులు ఉంటాయి. మెఫెడ్రోన్ ఆ పంపులోంచే లోపలికి దూరి దాన్ని ఎదురు తిప్పుతుంది. పొలంలో మోటారుకు ఫేజులు తారుమారైతే ఏమవుతుందో మీకు తెలుసు, మోటారు తిరుగుతూనే ఉంటుంది కానీ వెనక్కి తిరుగుతుంది. ఇక్కడా అంతే. లోపలికి తోడాల్సింది బయటికి కుమ్మరిస్తుంది. 2011లో ప్రచురించిన ఎలుకల ప్రయోగంలో డోపమైన్ సుమారు ఐదింతలు, సెరొటోనిన్ తొమ్మిదింతలు పెరిగాయి. పెరిగినంత వేగంగానూ పడిపోయాయి.

ఆ పడిపోవడంలోనే దీని ఉరి ఉంది. ఇందాక కాథినోన్ చేయడానికి ఒక ఆక్సిజన్ తగిలించామే, దానివల్ల ఈ అణువుకు నీటితో చుట్టరికం ఎక్కువై, రక్తం నుంచి మెదడులోకి పోవడానికి అడ్డుగా ఉండే కొవ్వు గోడను దాటడం కష్టమవుతుంది. కాబట్టి ఎక్కువ మోతాదు కావాలి. పైగా రెండు మూడు గంటల్లో దిగిపోతుంది. దిగుతున్నప్పుడు దిగులు, గింజుకోవడం, ఇంకొంచెం కావాలన్న ఆరాటం. ఇంకొంచెం వేసుకుంటారు. మళ్లీ ఇంకొంచెం. ఆరు గంటలు గడిచేసరికి వాడు ఎంత తీసుకున్నాడో వాడికే తెలియదు. గుండె దడ, రక్తపోటు పెరగడం, దవడలు బిగుసుకోవడం, వేళ్లూ మోకాళ్లూ చల్లబడి నీలంగా మారడం, ముక్కు నుంచి రక్తం, రాత్రంతా నిద్ర లేకపోవడం. ఎవరో వెంటపడుతున్నారన్న భయం పట్టుకుంటుంది. ఒళ్లు పెనంలా కాలిపోతే అది ప్రాణం మీదికి వచ్చిన సంకేతం.

దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. ఆస్పత్రిలో ఒళ్లు చల్లబరుస్తారు, ఆందోళనా మూర్ఛా తగ్గే మందులు ఇస్తారు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటిది జరిగితే 108కి ఫోన్ చేయండి, బట్టలు వదులు చేయండి, తడిగుడ్డతో తుడవండి. ఒకేసారి బిందెడు నీళ్లు తాగించకండి, రక్తంలో ఉప్పు పలచబడి మూర్ఛ రావచ్చు. డాక్టరు దగ్గర నిజం చెప్పండి. మామూలుగా చేసే మూత్ర పరీక్ష పట్టీ చాలాసార్లు మెఫెడ్రోన్‌ను పట్టుకోదు. పరువు కోసం ‘జ్వరమండీ’ అని దాస్తే వైద్యుడు చీకట్లో తడుముకుంటాడు. అలవాటు మాన్పించే సలహా కోసం 14446 అనే జాతీయ నంబరు ఉంది, డబ్బు ఖర్చు లేదు. తక్కువ మోతాదుతో పట్టుబడి, తనంతట తాను చికిత్సకు సిద్ధపడినవాణ్ణి మన మత్తుమందుల చట్టం 64-ఎ సెక్షన్ ప్రకారం కేసు నుంచి మినహాయించవచ్చు. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. పోలీసులంటే భయపడి పిల్లవాణ్ణి గదిలో పెట్టి తాళం వేస్తారు.

మన దేశంలో మెఫెడ్రోన్‌ను 2015 ఫిబ్రవరిలో ఆ చట్టం కిందికి తెచ్చారు. 50 గ్రాములుంటే చాలు, వ్యాపార పరిమాణం అంటారు, శిక్ష పదేళ్లకు తగ్గదు. ఆ తర్వాతి నెలలోనే ఐక్యరాజ్య సమితి కూడా అంతర్జాతీయ నియంత్రణ జాబితాలో చేర్చింది. అప్పటికి మనం దీన్ని ముంబయి సమస్య అనుకున్నాం. 2022 డిసెంబరులో రెవెన్యూ ఇంటెలిజెన్స్ అధికారులు హైదరాబాద్‌లో రెండు రహస్య ల్యాబుల మీద దాడి చేసి దాదాపు 25 కిలోల మెఫెడ్రోన్ పట్టుకున్నారు. 2025 సెప్టెంబరులో మహారాష్ట్ర నుంచి మీరా భయందర్ పోలీసులు వచ్చి చర్లపల్లిలో అలాంటి దాడే చేశారు. అటు ఐరోపా దేశాల్లో 2022 ఒక్క ఏడాదిలో పట్టుబడిన కాథినోన్లు 26 టన్నులు దాటాయి, అందులో ఎక్కువ భాగం మన దేశం నుంచి వెళ్లిందని ఆ ఐరోపా సంస్థే రాసింది. ఒకప్పుడు ఎక్కడి నుంచో మన దగ్గరకు వస్తుందనుకున్న సరుకు మన దగ్గర నుంచే వెళుతోంది.

ఇది నాకు ఎందుకు అంతగా బాధ కలిగిస్తుందంటే, హైదరాబాద్‌కు రసాయనశాస్త్రం అన్నం పెట్టింది. 1960ల్లో బాలానగర్‌లో ప్రభుత్వరంగ సంస్థ ఐ.డి.పి.ఎల్. సింథటిక్ డ్రగ్స్ ఫ్యాక్టరీ రావడంతో ఇక్కడ ఒక తరం కెమిస్టులు తయారయ్యారు. అక్కడ పని నేర్చుకున్నవాళ్లే తర్వాత సొంతంగా బల్క్ డ్రగ్ కంపెనీలు పెట్టారు. డాక్టర్ రెడ్డీస్ కంపెనీ పెట్టిన కల్లం అంజిరెడ్డి గారు అక్కడి నుంచి వచ్చినవారే. పేదదేశాల ఆస్పత్రులకు చవకగా మందులు వెళ్లాయంటే ఈ రియాక్టర్ల పుణ్యమే. ఊరి నుంచి బీఎస్సీ చదివి వచ్చిన కుర్రాడు మూడు షిఫ్టుల్లో పనిచేసి చెల్లెలి పెళ్లి చేయగలిగాడంటే ఈ కంపెనీల వల్లే. రాత్రి షిఫ్టులో బ్యాచ్ చెడిపోకుండా కళ్లల్లో వత్తులు వేసుకుని కూర్చునే ఆ నేర్పును కొందరు ఇప్పుడు అద్దెకు తీసుకుంటున్నారు.

నా పాత విద్యార్థి ఒకడున్నాడు. ఇరవై ఏళ్లు ప్రొడక్షన్‌లో చేసి, దాచుకున్న డబ్బూ అప్పూ కలిపి, ఊరి చివర ఇండస్ట్రియల్ ఏరియాలో చిన్న షెడ్డు పెట్టుకున్నాడు. రెండు రియాక్టర్లు, ఒక డ్రయ్యరు. పెద్ద కంపెనీలు ఇచ్చే జాబ్ వర్క్ మీద బతుకుతున్నాడు. ఆర్డర్లు ఆగిపోయి నాలుగు నెలలైంది. ఒక ఆదివారం పొద్దున మా ఇంటికి వచ్చాడు. వరండాలో కూర్చున్నాడు, కానీ కూర్చున్నట్టు లేడు.

“సార్, జర ఈ కాగితం చూడున్రి” అని జేబులోంచి మడతలు పెట్టిన కాగితం తీశాడు. “ఒకాయన వచ్చిండు. నెల రోజులు షెడ్డు నాకే ఇయ్యి, పనోళ్లను నేనే తెచ్చుకుంట, రాత్రిపూటనే నడుస్తది అంటున్నడు. ఏడాది కిరాయంత ఒక్క నెలకే ఇస్తనన్నడు.”

“ప్రోడక్ట్ ఏమిటన్నాడురా?”

“పేరు చెప్పలే సార్. కోడ్ నంబర్ ఒక్కటే చెప్పిండు. మందుల కంపెనీకి ఇంటర్మీడియట్ అన్నడు. ఈ బొమ్మ ఆయన ఫోన్ల ఉంటే చూసి రాసుకున్న.”

కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. పెన్సిలుతో గీసిన షడ్భుజి. ఒక చివర మిథైల్. సరిగ్గా ఎదురుగా తోక, దానిమీద ఆక్సిజన్. చాలా చక్కగా గీశాడు. బంధాల కోణాలు కూడా తప్పలేదు. అలా గీయడం నేనే నేర్పాను వాడికి.

అదేమిటో చెప్పాను. ఇవాళ మీకు చెప్పినదంతా కాదు, అవసరమైనంత. తెలిసి షెడ్డు ఇస్తే నడిపినవాడికి పడే శిక్షే ఇచ్చినవాడికీ పడుతుందని, చట్టంలో దానికి వేరే సెక్షనే ఉందని చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. రోడ్డు మీద కూరగాయల బండి వెళ్లేదాకా అలాగే ఉన్నాడు.

“నాకు డౌటు ఉండె సార్” అన్నాడు చివరికి. “ఉండబట్టే వచ్చిన.”

తర్వాత అడిగాడు, “నేను కాదంటే ఇంకోని దగ్గరికి పోతడు కద సార్?”

పోతాడన్నాను. అందుకే కాదనడంతో ఆగకూడదన్నాను. 1933 అనే నంబరు ఉంది, కేంద్ర ప్రభుత్వం 2024లో పెట్టింది, పగలూ రాత్రీ పనిచేస్తుంది.

“పేరు చెప్పాల్నా సార్?”

అక్కర్లేదన్నాను.

వాడు ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. నా ముందు మాట్లాడటం వాడికి కష్టంగా ఉందని అర్థమైంది. టీ పెట్టుకొస్తానని లేచి, తలుపు దగ్గరగా వేసి లోపలికి వెళ్లాను. పాలు పొంగేసరికి వరండాలోంచి వాడి గొంతు వినిపించింది. మొదట చాలా మెల్లగా, తర్వాత కాస్త స్పష్టంగా, షెడ్డు ఏ రోడ్డులో ఉందో చెబుతున్నాడు.